ఆర్కియాలజీ ఎం.ఏ రివ్యూ: ఇరవై రెండు రోజుల తవ్వకం, మిగతాదంతా జిరాక్సులు

ముందే చెప్తున్నా, కొంచెం పెద్ద రివ్యూ. నేను చేరకముందు ఈ కోర్సు గురించి చదివినోళ్ళు తెలుగులో రాసింది ఒక్క ముక్క దొరుకుతుందేమో అని తెగ వెతికా, దొరికినవన్నీ అడ్మిషన్ ప్రకటనలే. అందుకే నాలాగా బీకామో బీఎస్సీయో అయిపోయాక రాత్రిళ్ళు పాత గుళ్ళ వీడియోలు చూసుకుంటూ చేరదామా వద్దా అని ఊగిసలాడేవాళ్ళ కోసం రాస్తున్నా. యూనివర్సిటీ పేరు చెప్పను, అక్కడి నుంచి నాకింకా ఒక సర్టిఫికెట్ రావాలి, అర్థం చేసుకోండి. గవర్నమెంట్ యూనివర్సిటీ, రెండేళ్ళ ఎం.ఏ, ప్రాచీన చరిత్ర ఆర్కియాలజీ మెయిన్, దాంతోపాటు ఆంత్రోపాలజీవి రెండు పేపర్లు, గ్రీకులూ రోమన్ల మీద ఒక పేపరు. మార్కులు వెయ్యమంటే తవ్వకానికి ఐదుకి ఐదు, ల్యాబ్‌కి ఒకటి, మిగతావి ఆ మధ్యలో ఎక్కడో ఉంటాయి.

నా సంగతి ఏంటంటే బీకాం అయ్యాక తెనాలిలో ఒక ఆడిట్ ఆఫీసులో రెండేళ్ళు వోచర్లు టిక్కులు పెట్టా. జీతం తక్కువే గానీ టైముకి వచ్చేది. అది మానేసి దీంట్లో చేరతానంటే ఇంట్లో నాన్న ఒక వారం మాట్లాడలేదు, అమ్మ మాత్రం "అంటే గుప్తనిధుల కోర్సా?" అని అడిగింది. నవ్వకండి, ఈ ప్రశ్న మీరు కూడా రెండేళ్ళపాటు బస్సులో కండక్టర్ దగ్గర్నుంచి పెళ్ళిచూపుల్లో పెద్దమనుషుల దాకా అందరి దగ్గరా వింటారు.

మా అమ్మమ్మ వాళ్ళది భట్టిప్రోలు పక్కన చిన్న ఊరు. భట్టిప్రోలులో స్తూపం ఉన్న దిబ్బకి ఊళ్ళోవాళ్ళు పిలిచే పేరొకటుంది, అది ఇక్కడ టైప్ చేస్తే తిట్లు తినాలి, తెలిసినవాళ్ళకి తెలుసు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా దాని చుట్టుపక్కల తిరిగినదాన్నే, అది ఏంటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి సెమిస్టర్ రెండో వారంలో శాసనాల క్లాసులో సార్ బోర్డు మీద 1892 అని వేసి, అలెగ్జాండర్ రే అనే ఆయన భట్టిప్రోలు స్తూపం తవ్వితే మూడు రాతి పెట్టెలు దొరికాయి, వాటి మీద రాతలున్నాయి, ఆ లిపికి ప్రపంచమంతా మీ ఊరి పేరే పెట్టి భట్టిప్రోలు లిపి అంటారు అని చెప్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మామూలు బ్రాహ్మిలో, అంటే అశోకుడి శాసనాల లిపిలో, 'క' రాస్తే దాంట్లో 'అ' కలిసే ఉంటుంది, వేరే గుర్తు అక్కర్లేదు. ఈ పెట్టెల మీద చెక్కినాయన మాత్రం ఆ 'అ' కి కూడా ఒక గీత పెట్టాడు, గీత లేకపోతే అది ఉత్త పొల్లు. అంటే రెండువేల ఏళ్ళ కిందట మా ఊరి పక్కన ఎవరో కూర్చుని ఈ లిపిలో ఇలా ఒక ఇబ్బంది ఉంది, దీన్ని ఇలా సరిచేద్దాం అని ఆలోచించారన్నమాట. రే వచ్చేసరికే స్తూపం ఇటుకలూ చలవరాళ్ళూ చాలావరకు రోడ్లకీ కాలవ పనులకీ పోయాయట, అది వేరే ఏడుపు.

ఆ శాసనాల పేపరు మొత్తం కోర్సులో క్లాసురూములో జరిగినవాటిల్లో బెస్టు. జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషాయన 1837లో బ్రాహ్మిని ఎలా చదివాడో చెప్పి వదిలెయ్యకుండా, ఆయన చదివినట్టే మా చేత చదివించారు, దానం అనే మాట చాలా శాసనాల చివర వస్తుంది కాబట్టి అక్కణ్ణుంచి మొదలెట్టి ఒక్కో అక్షరం పట్టుకుంటూ పోవడం. తర్వాత నకలు తియ్యడం నేర్పారు. రాయిని నీళ్ళతో బ్రష్షుతో కడిగి, తడి కాగితం అతికించి, ఇంకో బ్రష్షుతో టపాటపా కొడుతూ పోతే కాగితం అక్షరాల గాట్లలోకి దిగుతుంది, తడి కాస్త ఆరాక నల్ల సిరా అద్దితే అక్షరాలు తెల్లగా మిగిలిపోతాయి. చదువుతుంటే తేలిగ్గానే ఉంది కదా? నా మొదటి మూడు కాగితాలు చిరిగిపోయాయి, నాలుగోది బానే వచ్చింది గానీ గాలికి లేచి పక్కనున్న పూజారిగారి పంచెకి అతుక్కుంది. ఆయన పాపం ఏమీ అనలేదు, "ఇంతకీ ఏం రాసుందమ్మా, పొలం ఎవరిదని రాసుందా" అన్నాడు. ఆ గుడి మాన్యం మీద ఏదో కేసు నడుస్తోందంట. ఈ సబ్జెక్టు ఎవరికి పనికొస్తుంది అనేవాళ్ళకి నేను ఈ పూజారిగారి సంగతే చెప్తుంటా.

కలమళ్ళ కూడా తీసుకెళ్ళారు, కడప జిల్లా, మనకి దొరికినవాటిల్లో మొదటి తెలుగు శాసనం అక్కడి చెన్నకేశవస్వామి గుళ్ళోది, ఎరికల్ముత్తురాజు వేయించింది, 575 ప్రాంతంది అంటారు. వెళ్ళడానికి రాత్రంతా బస్సు, చూసింది ఇరవై నిమిషాలు, ఎందుకంటే సాయంత్రం లోపల ఇంకో రెండు చోట్లు చూపించాలి లిస్టులో ఉన్నాయి కాబట్టి. ఈ టూర్ల సంగతి ఇంతే, టిక్కు పెట్టుకోవడం. నాగార్జునకొండకి వెళ్ళిందీ అంతే. విజయపురి సౌత్‌లో లాంచీ కోసం రెండు గంటలు, ద్వీపం మీద మ్యూజియంలో గంట. కానీ ఆ లాంచీలో వెళ్తున్నప్పుడు మా మేడం ఒక్క మాట చెప్పారు, మనం ఇప్పుడు ఇక్ష్వాకుల రాజధాని మీంచి పోతున్నాం, సాగర్ డ్యామ్ వస్తోందని 1954 నుంచి 1960 దాకా ఆరేళ్ళు పరుగుపరుగున తవ్వి, పట్టినన్ని కట్టడాలు రాయి రాయి విప్పి కొండ మీదకీ అనుపుకీ తరలించారు, పట్టనివి కింద నీళ్ళలో ఉన్నాయి అని. అప్పటిదాకా సెల్ఫీలు తీసుకుంటున్న బ్యాచ్ అంతా నోరుమూసుకుని నీళ్ళవంక చూశాం. ఇలాంటి మేడం ఒక్కరున్నా చాలు, ఫీజు గిట్టినట్టే.

ఇంక అసలు విషయం, తవ్వకం. సిలబస్‌లో ఫీల్డ్ ట్రైనింగ్ అని రాసుంటుంది, ఎన్ని రోజులో రాసుండదు, చేరేముందు అది అడగండి. మాకు ఇరవై రెండు రోజులు దక్కింది, మా ముందు బ్యాచ్‌కి పర్మిషన్ రాక అసలు జరగలేదంట, వాళ్ళు తాపీ పట్టుకోకుండానే ఆర్కియాలజీలో ఎం.ఏ పాసయ్యారు. ఒక పల్లెటూరి చివర పాటిదిబ్బ. ఈ మాట మీ ఊళ్ళో కూడా విని ఉంటారు, పాటిమీద, పాటిగడ్డ, పాటిమన్ను, అంటే ఒకప్పుడు ఊరుండి పాడైపోయిన చోటు. అలాంటి మన్ను పొలానికి మంచి ఎరువని రైతులు ట్రాక్టర్లలో తోలుకుపోతారు, మా దిబ్బ కూడా సగం అలా పొలాల్లోకి పోయి మిగిలిన సగం మాకు దక్కింది. పుస్తకంలో సైటు గుర్తుపట్టడం ఎలా అని నలభై పేజీలుంది, మా సార్ మాత్రం ఊళ్ళోకి వెళ్ళగానే టీ కొట్టు దగ్గర "పాటి ఎటువైపు బాబాయ్" అని అడిగారు, ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

తవ్వడం అంటే గడ్డపార తీసుకుని దబదబా తవ్వెయ్యడం కాదని మొదటిరోజే తెలిసింది. పెగ్గులు కొట్టి దారాలు కట్టి చదరాలు గీసి, చదరానికీ చదరానికీ మధ్య తవ్వకుండా మట్టిగోడ వదిలేస్తారు. ఆ గోడ అంచుల్లో పొరలు కనబడతాయి, కింద పొర పాతది, పై పొర కొత్తది. మనదేశంలో ఈ పద్ధతిని పట్టుదలగా నేర్పించింది మార్టిమర్ వీలర్, 1944లో ఆర్కియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చి తక్షశిలలో కుర్రాళ్ళకి ట్రైనింగ్ క్యాంపు పెట్టాడు, తర్వాత 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడు, 1947లో కర్ణాటకలో బ్రహ్మగిరి తవ్వాడు. మిలిటరీ మనిషి, క్యాంపు కూడా అలాగే నడిపేవాడట, మా సార్‌కి ఆ గాలి కొంచెం సోకింది, ఉదయం ఐదున్నరకి విజిలు.

నాకు ఈ పనిలో ఆడిట్ ఆఫీసు ఎంత పనికొచ్చిందో చెప్తే నమ్మరు. దొరికిన ప్రతి పెంకుకీ ఏ ట్రెంచి, ఏ పొర, ఎంత లోతు, ఏ తేదీ అని చీటీ రాసి సంచిలో వెయ్యాలి, సాయంత్రం రిజిస్టరులో ఎక్కించాలి. మా బ్యాచ్‌లో హిస్టరీ నుంచి వచ్చినవాళ్ళకి ఇదొక నరకం, నాకు మాత్రం సొంతింటికి వచ్చినట్టుంది. వోచర్ లేని ఖర్చు ఎలాగో పొర నంబరు లేని పెంకు అలాగే, నిజమే అయ్యుండొచ్చు గానీ లెక్కలోకి రాదు. ఒకసారి మా ట్రెంచిలో నాలుగో పొరలో, అంటే సాతవాహనుల కాలంది అని మేం సంబరపడుతున్న పొరలో, గుట్కా ప్యాకెట్ దొరికింది. అందరూ పడీపడీ నవ్వారు. సార్ నవ్వలేదు, ఆ ప్యాకెట్‌కి కూడా చీటీ రాయించి, గోడ అంచు మీద నీళ్ళు చల్లించి, తాపీతో మెల్లగా గీకించారు, అప్పుడు కనబడింది, మట్టి రంగు తేడాగా పైనుంచి కిందకి ఒక గొట్టంలాగ. పందికొక్కు బొరియ. ఆ బొరియలో దొరికినవన్నీ విడిగా తియ్యాలి, లేదంటే మొత్తం పొర లెక్క తప్పిపోతుంది. పుస్తకంలో స్ట్రాటిగ్రఫీ చాప్టరు నాలుగుసార్లు చదివినా ఎక్కనిది ఆ పందికొక్కు పుణ్యమా అని అరగంటలో ఎక్కింది.

కూలికి వచ్చినవాళ్ళల్లో ఒక ముసలామె ఉండేది, అరవై ఐదు పైనే ఉంటాయి, జల్లెడ దగ్గర కూర్చునేది. మాకు కుండల క్లాసులో చెప్పేది ఏంటంటే, అంచు లోపలికి వంగిన గిన్నె, అంచు బయటికి తిరిగిన జాడీ, నడుం ఉన్న వంటపాత్ర, ఇలా ఇంగ్లీషు పేర్లు బట్టీ కొట్టాలి. ఆమె ఒక్కో పెంకూ చేతిలోకి తీసుకుని ఇది దాకమ్మా, ఇది అటిక మూతి, ఇది మూకుడు, ఇది కాగు అడుగు, చూడు మసి ఉంది పొయ్యి మీదది, దీనికి మసి లేదు నీళ్ళది అని చకచకా వేరు చేసేసేది. మేం ముగ్గురం సర్కిల్ చార్టు మీద అంచు పెట్టి మూతి వెడల్పు చూసి రెండు గంటల్లో చేసిన పని ఆమె తమలపాకు నములుతూ చేసేసింది, ఒకటి రెండు తప్ప అన్నీ కలిసాయి. ఆ సాయంత్రం మా నోటుబుక్కులో ఆ పేర్లన్నీ రాసుకున్నా. రిపోర్టులో పెడదాం అంటే "స్టాండర్డ్ టెర్మినాలజీ కాదు" అని కొట్టేశారు. ఇది నాకు ఈ కోర్సు మీద ఉన్న పెద్ద కంప్లైంటు, తవ్వేది మన మట్టి, తవ్వేది మన కూలీలు, దొరికేది మన అమ్మమ్మల వంటింటి సామాను, దానికి తెలుగులో పేరు రాస్తే మాత్రం మార్కులు రావు. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఇద్దరు ఈ టెర్మినాలజీ దెబ్బకే మొదటి సెమిస్టర్‌లో వెళ్ళిపోయారు, ఇద్దరూ నాకన్నా తెలివైనోళ్ళు.

నిధి గోల చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తికాదు. పదకొండో రోజు నా జల్లెడలో ఒక ఎర్రరాయి పూస పడింది, కార్నీలియన్ అంటారు, సెనగగింజంత ఉంటుంది, మధ్యలో సన్నటి బెజ్జం. నాకు దొరికిన మొదటి వస్తువు కాబట్టి గెంతులేశా. నేను గెంతడం గట్టు మీదున్న గేదెల కాపరి చూశాడు. సాయంత్రానికి ఊళ్ళో పూస కాస్తా దండ అయింది, రాత్రికి బిందె అయింది, తెల్లారేసరికి బిందెడు బంగారం యూనివర్సిటీవాళ్ళు కారులో పంపించేశారు అని మండలం దాకా పాకి వీఆర్వో వచ్చారు. సార్ ఆయనకి రిజిస్టరు తెరిచి చూపించారు, పూస ఒకటి, సైజు ఇంత, బరువు ఇంత. ఆయన ఆ పూసని అటూ ఇటూ తిప్పి చాలా నిరాశపడ్డారు పాపం. అన్నట్టు 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం అని ఒకటుంది, పది రూపాయల కన్నా విలువైంది ఏదైనా భూమిలో దొరికితే చెప్పాల్సిందే. ఆ పది రూపాయలు చట్టంలో రాసింది మా ముత్తాత తాత కాలంలో. నిజంగా కుండతో నిధి దొరకదా అంటే దొరుకుతుంది, సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో ఒక కుండలో 3,730 నాణేలు దొరికాయి. అన్నీ సీసంవి. పాత ఇనప సామాన్ల కొట్లో తూకానికేస్తే ఏమీ రాదు, ఇక్ష్వాకుల కాలంలో బజార్లో చిల్లర ఎలా నడిచిందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం అది నిధే.

బొగ్గు ముక్కలు దొరికితే చేత్తో ముట్టుకోనివ్వరు, తాపీ కొసతో తీసి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టాలి. కార్బన్ డేటింగ్ కోసం, 5,730 ఏళ్ళకి సగం తరిగిపోయే కార్బన్ 14 ఎంత మిగిలిందో చూసి వయసు కడతారు, 1949లో లిబ్బీ కనిపెట్టింది, 1960లో నోబెల్ కూడా వచ్చింది. ఇదంతా పరీక్షలో రాశా, మంచి మార్కులొచ్చాయి. మేం చుట్టిన బొగ్గు మాత్రం నేను పాసయి వచ్చేనాటికి కూడా డిపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో ఎవరిదో పెరుగుడబ్బా పక్కనే ఉంది, ల్యాబ్‌కి పంపడానికి డబ్బుల్లేవు. ఢిల్లీలో యాక్సిలరేటర్ సెంటర్‌లో చేస్తారు, లక్నోలో బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్ ఉంది, కానీ శాంపిల్‌కి ఇంత అని కట్టాలి కదా. అందుకే ల్యాబ్‌కి ఒక మార్కు. ఆ ఒక్కటీ మున్సెల్ పుస్తకానికి. మట్టి రంగు గోధుమా ముదురు గోధుమా అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాయకుండా ఆ పుస్తకంలో రంగు బిళ్ళల పక్కన మట్టి పెట్టి చూసి నంబరు రాస్తారు. మా డిపార్ట్‌మెంట్‌కి ఒకటే ఉంది, ఖరీదైందని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, తాళం ఉన్నాయన వారానికి రెండు రోజులు లీవు.

ఆంత్రోపాలజీ సంగతి. యూపీఎస్సీ ఆప్షనల్ కోసం చదివే బ్యాచ్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది, వాళ్ళు అశోక్‌నగర్ కోచింగ్ నోట్సు తెచ్చుకుని చివరి బెంచీలో కూర్చుంటారు, 500 మార్కుల ఆప్షనల్ కాబట్టి వాళ్ళని తప్పుపట్టను. కానీ ఈ పేపరు నోట్సులోంచి చదివితే పోయేది చాలా ఉంది. బంధుత్వాల చాప్టరు చూడండి. క్రాస్ కజిన్, ప్యారలల్ కజిన్ అని త్రిభుజాలూ సున్నాలూ గీతలూ గీసి మేడం చెప్తుంటే ఉత్తరాది నుంచి వచ్చిన ఇద్దరు జుట్టు పీక్కున్నారు, మాకు మాత్రం నిమిషం పట్టలేదు, ఎందుకంటే మేనమామ కొడుకు బావ, పెదనాన్న కొడుకు అన్న, బావని చేసుకోవచ్చు అన్నని చేసుకోకూడదు, ఇది మాకు పుట్టినప్పట్నుంచి తెలుసు. పిన్ని భర్త బాబాయి, బాబాయి భార్య పిన్ని, రెండువైపులా ఒకే పిలుపు ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు, త్రిభుజాలు గీసినాకే అర్థమయింది దాని వెనక ఒక లెక్కుందని. అమెరికాలో మోర్గాన్ అనే లాయరు 1871లో వేసిన పుస్తకంలోనే తెలుగు తమిళ పిలుపుల పట్టికలున్నాయి, అమెరికా ఆదివాసులైన ఇరొక్వాలతో పోల్చి చూశాడు, మిషనరీలకి ఉత్తరాలు రాసి తెప్పించుకున్నాడట. మా పెద్దత్తకి ఇది చెప్తే "మన వరసలు అమెరికా లాయరుకెందుకు" అంది.

తలలు కొలిచే ప్రాక్టికల్ కూడా ఉంటుంది. కాళ్ళు ఎడంగా ఉండే పట్కారులాంటి క్యాలిపర్‌తో తల వెడల్పు, పొడుగు కొలిచి, వెడల్పుని పొడుగుతో భాగించి వందతో గుణిస్తే సెఫాలిక్ ఇండెక్స్. మొదట్లో నాకిది నచ్చలేదు, మనుషుల తలలు కొలవడం ఏంటి అని. మా మేడం మంచిపని చేశారు, ముందు రిస్లీ సంగతి చెప్పారు, 1901 జనాభా లెక్కలు నడిపించిన ఆయన, ముక్కు కొలతలకీ కులం హోదాకీ సంబంధం ఉందని వాదించాడు. తర్వాత మా క్లాసు ఇరవై ముగ్గురి ముక్కులూ కొలిపించి ఎవరెవరిదో పేర్లు తీసేసి అంకెలు బోర్డు మీద వేసి, చెప్పండి ఎవరిది ఏ కులమో అన్నారు. ఎవరూ చెప్పలేకపోయారు, చెప్పడానికి ట్రై చేసిన ఒకడు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతుంటాడు. నాకు తెలిసి కోర్సు మొత్తంలో తెలివిగా చెప్పిన క్లాసు అదే.

పల్లె ఫీల్డ్‌వర్క్ పదిరోజులు. మన దగ్గర దీనికి పెద్ద చరిత్రే ఉంది, హైదరాబాద్ పక్కన శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే చేసిన అధ్యయనం 1955లో పుస్తకమైంది, అంతకుముందు 1940ల్లో హైమన్‌డార్ఫ్ నల్లమల చెంచుల దగ్గర ఉండి రాశాడు, తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్ళి మార్లవాయిలో ఉండిపోయాడు, ఆయన భార్య బెట్టీ సమాధి కూడా ఆ ఊళ్ళోనే ఉంది. అవన్నీ నెలలూ ఏళ్ళూ ఉండి చేసినవి. మేం పదిరోజుల్లో అరవై ప్రశ్నల ఫారం పట్టుకుని ఇంటింటికీ తిరిగాం, జనాభా లెక్కలోళ్ళకి తమ్ముళ్ళలాగా. నేను వెళ్ళిన మూడో ఇంట్లో ముసలావిడ నా ఫారం లాక్కుని పక్కన పెట్టి నాకే ప్రశ్నలు మొదలెట్టింది, మీదే ఊరు, ఎంతమంది మీరు, పెళ్ళెందుకు కాలేదు, మీ నాన్నకి ఎన్ని ఎకరాలు. అరగంట తర్వాత నాకు అర్థమయింది, ఆవిడ నాకన్నా బాగా ఇంటర్వ్యూ చేసిందని.

గ్రీకు రోమన్ పేపరు. మన దేశంలో క్లాసిక్స్ అంటే ఇంగ్లండులోలాగా నాలుగేళ్ళు గ్రీకు లాటిన్ కూర్చోబెట్టి నేర్పేది కాదు, అన్నీ ఇంగ్లీషు అనువాదాల్లోనే, అవీ జిరాక్సులు, వాటిల్లో సగం పేజీల అంచులు కోసేసి ఉంటాయి. చెప్పే సార్ నోట్సు చదివేసి వెళ్ళిపోయేవారు. అయినా మూడు మార్కులు ఎందుకు వేస్తున్నానంటే ఆ జిరాక్సుల్లో దొరికినవాటి కోసం. హెరోడోటస్ మనదేశంలో నక్కకన్నా పెద్ద చీమలు ఇసకలోంచి బంగారం తవ్వుతాయని రాశాడు, సరే. కానీ ప్లినీ అనే రోమన్ రచయిత, వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు 79లో పోయిన ఆయన, అండరే అని ఒక జాతి ఉందని, వాళ్ళకి ముప్పై కోట ఊళ్ళు, లక్ష కాల్బలం, రెండువేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని రాశాడు. అండరే అంటే ఆంధ్రులే. అదే ప్లినీ ఇండియా మా దగ్గర్నుంచి ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు, అంటే రోమన్ నాణేలు, లాగేస్తోందని గోల పెట్టాడు, ఆడిట్ ఆఫీసు బుర్రకి ఇది భలే నచ్చింది. టోలెమీ తన భూగోళం పుస్తకంలో రాసిన కొంటకొస్సైల అనే ఊరు మన ఘంటసాల అంటారు, పాత శాసనంలో కంటకసేల అనే ఉంది. ఈ పేపరు ఎందుకుందో నాకు తవ్వకం అయ్యాక తెలిసింది. అరికమేడులో వీలర్‌కి ఇటలీ నుంచి వచ్చిన కుండలు దొరికాయి, అవి ఏ కాలంవో యూరపులో ముందే తేలిపోయింది కాబట్టి వాటి పక్కన దొరికిన మన కుండల కాలం కూడా కట్టేశారు, ఆ మన కుండలు ఇంకో ఊళ్ళో దొరికితే ఆ ఊరి కాలం. మా పాటిదిబ్బ మీద పెంకు చూసి సార్ ఠక్కున కాలం చెప్పారంటే దాని వెనక ఎక్కడో ఇటలీ కుమ్మరి ఉన్నాడు. ఈ పేపరూ తవ్వకం పేపరూ కలిపి చెప్పే సార్ ఒకరుంటే ఎంత బాగుండేది. సంస్కృతం, ప్రాకృతం కూడా సిలబస్‌లో పేరుకే, సొంతంగా నేర్చుకోవాల్సిందే, ప్రాకృతం రాకుండా సాతవాహన శాసనం ముట్టుకోలేరు.

ఉద్యోగాలు. అందరూ చివరికి స్క్రోల్ చేసేది దీనికోసమే అని తెలుసు. సర్వేలో పోస్టులు పడతాయి గానీ ఎప్పుడు పడతాయో దేవుడికెరుక, రాష్ట్రాల శాఖల్లో ఇంకా తక్కువ. సర్వే నడిపే పీజీ డిప్లమా ఉంది, 1985లో ఇన్‌స్టిట్యూట్ అయింది, ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో ఉంది, రెండేళ్ళు, స్టైపెండ్ ఇస్తారు, సీట్లు చాలా తక్కువ, ఎంట్రన్సు రాయాలి, తవ్వకం సీరియస్‌గా చెయ్యాలనుకుంటే దానికీ పుణె డెక్కన్ కాలేజీకీ ట్రై చెయ్యండి, మా దానికన్నా అది మేలని మొహమాటం లేకుండా చెప్తున్నా. మా సీనియర్ ఒకక్క ఇంగ్లండులో ఏడాది మాస్టర్స్ చేసి అక్కడే ఉంది, అక్కడ 1990 నుంచి ఏదైనా కట్టేముందు పాతవి ఉన్నాయేమో చూడాలని రూల్ పెట్టి, ఖర్చు కట్టేవాడి మీదే వేశారు, అందుకని తవ్వేవాళ్ళకి పని దొరుకుతుంది, వానలో బురదలో పని, జీతం ఓ మోస్తరు. ఇక్కడ రింగురోడ్డుకి దిబ్బ అడ్డమొస్తే ప్రొక్లెయిన్ వస్తుంది, అంతే.

నేను ఇప్పుడు ఒక ప్రాజెక్టులో అసిస్టెంటుని, మ్యూజియం గోడౌన్‌లో వస్తువులకి నంబర్లు రాసే పని, పదకొండు నెలల కాంట్రాక్టు. జీతం ఆడిట్ ఆఫీసు కన్నా పన్నెండొందలు తక్కువ. ఈ మాట నాన్నకి ఇంకా చెప్పలేదు, ఈ రివ్యూ ఆయన చదవరనే ధైర్యంతో రాస్తున్నా. మా ఇల్లు పక్కన గది వేస్తుంటే పునాది గొయ్యిలో దిగి గోడ అంచు తాపీతో గీకి చూస్తుంటే మేస్త్రీ "అమ్మాయిగారూ, పక్కకి జరగండి, కాంక్రీట్ పోయాలి" అని మూడుసార్లు అన్నాడు. రెండో అడుగులో బూడిద పొర ఉంది, పైన వరదమట్టి. నాయనమ్మని అడిగితే మూలకి పాత వంటపాక ఉండేదంది, అది 1977 దివిసీమ ఉప్పెన ఏడాది గాలివానకి పోయిందంట.

చేరదామని ఫిక్సయిపోయినవాళ్ళకి రెండు మూడు మాటలు. అడ్మిషన్ రోజునే గత మూడేళ్ళలో స్టూడెంట్స్‌ని ఎన్ని రోజులు తవ్వకానికి తీసుకెళ్ళారో అడగండి, సమాధానం నసిగితే ఇంకో యూనివర్సిటీ చూసుకోండి. తాపీ సొంతంగా కొనుక్కోండి, డిపార్ట్‌మెంటువి పిడి ఊడిపోయి ఉంటాయి, మూడొందల్లో వస్తుంది, పెద్దది కాదు, చేతికి ఇమిడేది. ఫీల్డుకి వెళ్ళేటప్పుడు టోపీ కన్నా తలకి చుట్టుకునే తువ్వాలు బెటరు, చెప్పులొద్దు, తేళ్ళుంటాయి. అన్నిటికన్నా ముందు ఆ రంగుల పుస్తకం బీరువా తాళం ఎవరి దగ్గరుందో, ఆయన ఏయే రోజులు లీవు పెడతారో మొదటి వారంలోనే కనుక్కోండి.